భేదాన్ని కాపాడమన్న స్మృతి

భేదమనే మాటకు మన వాడుకలో మంచి పేరు లేదు. అన్నదమ్ముల మధ్య భేదాలు వచ్చాయంటే ఇల్లు చీలుతున్నదని అర్థం. ఒకరిని మెచ్చుకోవలసి వస్తే ఆయనకు భేదభావం లేదంటాము. సామదానభేదదండోపాయాలలో భేదమంటే శత్రువుల నడుమ చీలిక తేవడం. అసలు ధాతువే చీల్చుట అనే అర్థం కలది. అటువంటి మాటను తీసుకొని యాజ్ఞవల్క్య మహర్షి, ప్రజాసమూహాలలోని భేదాన్ని రాజు రక్షించాలని శాసించారు. నా విద్యార్థిదశలో ఆ శ్లోకం పాఠానికి వచ్చిననాడు సహాధ్యాయి ఒకడు, ‘నశింపజేయాలి అని ఉండవలసినది, లేఖకదోషం కాబోలు’ అన్నాడు. గురువుగారు నవ్వి, ముందు వ్యాఖ్య చదవమన్నారు. ఈ నెల ఆ శ్లోకార్థాన్ని పాఠకులతో కలిసి చదువుదామని నా సంకల్పం.

యాజ్ఞవల్క్యస్మృతిలో ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్తాధ్యాయాలని మూడు భాగాలు. వ్యవహారాధ్యాయంలో సంవిద్వ్యతిక్రమమని ఒక ప్రకరణముంది. సంవిత్తు అంటే ఇక్కడ జ్ఞానమని కాదు. పదిమంది కూడి చేసుకున్న ఒడంబడిక, కట్టుబాటు. ఒడంబడికను మీరినవారి విషయంలో రాజు ఏమి చేయాలో ఆ ప్రకరణం చెబుతుంది. తన ధర్మానికి విరుద్ధం కాని కట్టుబాటును ప్రయత్నపూర్వకంగా పాటించాలని కూడా అక్కడే ఉన్నది. ఈ షరతును పాఠకులు గుర్తుంచుకోవాలి, దీనితో ముందు పని పడుతుంది. ప్రకరణం చివర మహర్షి శ్రేణులను, నైగములను, పాఖండులను, గణాలను పేర్కొని, వీరికీ ఇదే విధి అంటారు. రాజు వీరి భేదాన్ని రక్షించాలి, పూర్వం నుండి వస్తున్న వృత్తిని పాలించాలి అని ముగిస్తారు.

ఎవరు వీరు? మితాక్షరా వ్యాఖ్య విడమరచి చెప్పింది. ఒకే సరుకు మీద, ఒకే శిల్పం మీద బ్రతికేవారు శ్రేణులు. వేదప్రామాణ్యాన్ని అంగీకరించే పాశుపతాదులు నైగములు. వేదప్రామాణ్యాన్ని బొత్తిగా ఒప్పుకోని జైనబౌద్ధాదులు పాఖండులు. ఆయుధజీవనం వంటి ఏకవృత్తి గలవారి సమూహం గణం. ఇక భేదమంటే ధర్మవ్యవస్థ, అనగా ఆయా సమూహం తనకు తాను ఏర్పరచుకొని నడుపుకుంటున్న పద్ధతి. పాఖండుడన్న మాట నేడు తిట్టుగా మారింది. వ్యాఖ్యాత మాత్రం దానిని తిట్టుగా వాడలేదు, తన మతాన్ని ఒప్పుకోనివాడన్న అర్థంలోనే వాడి, వాడి పద్ధతిని కూడా రాజు కాపాడవలసిందే అన్నాడు. వేదాన్ని నమ్మినవాడు వేదాన్ని నమ్మనివాని కోసం వ్రాసిన వాక్యమది. మా సహాధ్యాయి అనుమానం అక్కడితో తీరింది.

ఈ వ్యాఖ్య మనకు దూరపుది కాదు. విజ్ఞానేశ్వరుడు దీనిని రచించినది కల్యాణ నగరంలో, 1076 నుండి 1126 వరకు ఏలిన చాళుక్య విక్రమాదిత్యుని కాలంలో. ఆ ఊరే నేటి కర్ణాటకలోని బసవకల్యాణం. పదమూడవ శతాబ్దంలో మూలఘటిక కేతన దానిని విజ్ఞానేశ్వరీయమనే పేరుతో తెలుగు చేశాడు. కన్నడనాట పుట్టిన సంస్కృత గ్రంథం తెలుగు పద్యమై మన ఇళ్ళకు వచ్చింది. ఆనాడు పాఖండులని వ్యాఖ్యాత పేర్కొన్న జైనులు మన పరిసరాలలోనూ ఉండేవారు. ఆదోనికి సమీపాన పెద్దతుంబళంలో, ఆలూరుకు అవతల చిప్పగిరిలో వారి ఆనవాళ్ళు నేటికీ కనబడతాయి. అదే చిప్పగిరిలో విజయదాసులవారు అంత్యకాలం గడిపి 1755లో దేహం చాలించారు. వారు కన్నడంలో రచించిన కీర్తనలు తెలుగుదేశంలో ఉన్న ఆ ఊరి కట్ట వద్ద పాడుకుంటూనే ఉన్నారు. ఒక్క చిన్న ఊరిలో కొండమీద జైనబసది, క్రింద హరిదాసు కట్ట. రెండూ చూడదగినవే, కాని మంత్రాలయానికి వచ్చే యాత్రికులలో అక్కడిదాకా పోయేవారు తక్కువ.

ఇప్పుడీ పాఠం ఎందుకు ఎత్తుకున్నానో చెబుతాను. ఈ పత్రికకు చాలాకాలంగా చేయూతనిస్తున్న ఒక దాత ఇటీవల నాతో, ‘శాస్త్రిగారూ, మంత్రాలయ మాహాత్మ్యం చెప్పేటప్పుడు ఆ నవాబు ప్రసక్తి అంత పొడుగున ఎందుకండీ? ఊరు దొరికింది అని ఒక్క ముక్కలో చెప్పి, స్వామివారి మహిమలోకి వెళ్ళిపోతే బాగుండదా?’ అన్నారు. వారి మాటలో ద్వేషం లేదు. రోజులు అట్లా ఉన్నాయి, ఆ పేరు వినగానే వాదం మొదలవుతుందని వారి భయం. నేను వారికి అక్కడ నోటిమాటగా చెప్పినదానిని ఇక్కడ కొంత వివరంగా వ్రాస్తున్నాను.

ఆ నవాబు పేరు సిద్ది మసూద్ ఖాన్. విజాపురపు ఆదిల్ షాహీ సుల్తానుల పక్షాన ఆదోనిని పాలించినవాడు. సిద్దీలను హబ్షీలని కూడా అంటారు. వారి మూలస్థానం హబష్ దేశం, అనగా నేటి ఇథియోపియా ప్రాంతం. ఆఫ్రికా నుండి సముద్రం మీద బానిసలుగా, సైనికులుగా దక్కనుకు వచ్చి, శౌర్యం చేత, బుద్ధిబలం చేత సేనానులై, మంత్రులై, కోటల అధిపతులైన జాతి అది. మసూద్ ఖాన్ మామ సిద్ది జౌహర్ కర్నూలును పాలించినవాడు, 1660లో పన్హాళగడంలో శివాజీ మహారాజును ముట్టడించినవాడు. మసూద్ ఖాన్ తరువాతి కాలంలో బాలుడైన సికందర్ ఆదిల్ షాకు సంరక్షకుడై విజాపుర రాజ్యభారం వహించి, 1683లో దానిని వదలి తిరిగి ఆదోనికి చేరుకున్నాడు.

ఎదుటి పక్షాన శ్రీ రాఘవేంద్రస్వామివారు. వారు జన్మించినది తమిళదేశపు భువనగిరిలో. కుంభకోణంలో విద్య, 1621లో తంజావూరులో సన్న్యాసం. వారి ముత్తాతగారు విజయనగర ఆస్థానంలో వీణావిద్వాంసులు. అటువంటి స్వామివారు తుంగభద్రా తీరానికి వచ్చి, తమకు బృందావనస్థానంగా మంచాల గ్రామాన్ని కోరుకున్నారు. మసూద్ ఖాన్ ఇచ్చాడు. 1671లో స్వామివారు అక్కడ సజీవంగా బృందావనప్రవేశం చేశారు. ఆ మంచాలే నేటి మంత్రాలయం.

భక్తులందరికీ తెలిసిన కథలు రెండున్నాయి. నవాబు స్వామివారిని పరీక్షింపదలచి కప్పిన పళ్ళెంలో మాంసం పంపగా, స్వామివారు మంత్రజలం చల్లగానే అవి పూలుపండ్లు అయ్యాయనేది ఒకటి. చదువురాని వెంకన్న అనే బాలుడు స్వామివారిని తలచుకొని నవాబు ఇచ్చిన జాబును గడగడ చదివి, కాలక్రమాన ఆదోని దివాను అయ్యాడనేది రెండవది. మొదటి కథలో అందరూ మహిమను చూస్తారు, చూడవలసినదే. నేను చెప్పదలచినది దాని తరువాయి. మహిమ చూసిన నవాబు తన మతం విడిచిపెట్టాడని ఏ కథనమూ చెప్పదు. స్వామివారు విడిచిపెట్టమన్నారనీ చెప్పదు. ఆయన మంచి ఊరు ఏదైనా కోరుకోండి అన్నాడు, వీరు మంచాల చాలు అన్నారు. ఆయన ఆయనగా ఉన్నాడు, వీరు వీరుగా ఉన్నారు, నడుమ ఒక ఊరు చేతులు మారింది.

ఆయన ఆయనగానే ఉన్నాడనడానికి ఆదోనిలోనే సాక్ష్యముంది. ఊరిలోని జామియా మసీదు ఆయన కట్టించినదే. 1688లో ఔరంగజేబు సేనలు ఆదోనిని ముట్టడించినప్పుడు, కోట ఎంతకూ లొంగకపోగా, మొగలు సేనాని ఫిరంగులను ఆ మసీదు వైపు త్రిప్పించాడనీ, ప్రాణం కంటె ఎక్కువగా దానిని ప్రేమించిన మసూద్ ఖాన్ అది కూలడం చూడలేక కోటను అప్పగించాడనీ ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. తన ప్రార్థనామందిరం కోసం కోటనే వదులుకున్న మనిషి, పరమతంలోని యతికి ఊరు రాసిచ్చాడు. తన మతం మీద అభిమానం తక్కువైనందువల్ల ఇచ్చాడనడానికి వీలులేదు. ఇటువంటి మనిషిని ఒక్క ముక్కలో దాటవేయడం నా చేత కాలేదు.

దాతగారికి శాస్త్రం కూడా చెప్పాను. భూమిని దానం చేసిన రాజు దానికి పత్రం వ్రాయించాలని, వస్త్రం మీదగాని రాగిరేకు మీదగాని తన వంశీయుల పేర్లు, తన పేరు వ్రాయించి ముద్ర వేయాలని యాజ్ఞవల్క్యులే ఆచారాధ్యాయంలో విధించారు. ఎందుకు? ముందు రాబోయే మంచి రాజులు తెలుసుకొనేందుకు. అంటే దాత పేరు దానంలో భాగం. పేరు తుడిచివేస్తే తరువాతి పాలకునికి ఆ దానాన్ని నిలపవలసిన ఆధారమే పోతుంది. నూటపదహార్లు సమర్పించినవారి పేరు కూడా మనం అచ్చు వేస్తున్నాము కదా, ఊరు సమర్పించినవారి పేరు ఎట్లా వదిలిపెడతామండీ అని అడిగాను. వారు నవ్వారు.

రాబోయే రాజులని స్మృతి అన్నమాట ఎంత ముందుచూపు గలదో ఈ ఊరి చరిత్రే చెబుతుంది. 1688 తరువాత మొగలులు, ఆ పిమ్మట నిజాము వంశీయులు వచ్చారు. 1786లో టిప్పు సుల్తాను ఆదోనిని పట్టుకున్నాడు. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేశాడు. కొత్తగా వచ్చిన దొరలకు ఏ ఊరు ఎవరి ఇనామో విచారించడమే మొదటి పని. దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా 1807 వరకు ఉన్న థామస్ మన్రో ఈ విచారణ మీదనే మంత్రాలయం వచ్చాడని, పాదరక్షలు విడిచి లోపలికి వెళ్ళగా స్వామివారు దర్శనమిచ్చి మాట్లాడారని, మఠం హక్కును ఆయన నిలబెట్టాడని సంప్రదాయం చెబుతుంది. యతి జన్మించినది తమిళనాట, దాత మూలం ఆఫ్రికా ఖండం, దానిని నిలబెట్టిన అధికారి స్కాట్లాండువాడు. పూర్వవృత్తిని పాలించాలన్న స్మృతివాక్యం ఆ దొర చదివి ఉండడు. 1827లో ఆయన కలరాతో మరణించినది కూడా మన పత్తికొండలోనే.

ఇదంతా పాలకుల మాట. పాలకులు కాపాడినంత మాత్రాన ఊళ్ళో జనం కలిసి బ్రతుకుతారని లేదు. జనం తమలో తాము ఏమి చేసుకున్నారన్నది వేరే విచారించాలి.

నేను పుట్టినది బళ్లారి జిల్లాలో. ఇల్లు కదలకుండానే కర్నూలు జిల్లావాడినయ్యాను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్లారి పట్టణం మైసూరు వైపు పోయింది. పటం మీద గీత ఒక్కరోజులో పడింది, నాలుకలు మాత్రం ఆ గీతను లెక్కచేయలేదు. మా గురువుగారు పాఠం కన్నడంలో చెప్పేవారు, మేము తెలుగులో అప్పజెప్పేవాళ్ళం, తప్పు వస్తే తిట్టు ఏ భాషలో వస్తుందో చెప్పలేకపోయేవాళ్ళం. ఆదోని పత్తి మార్కెట్టులో ఒక రైతు ఇంట్లో కన్నడం మాట్లాడి, దారిలో తెలుగు మాట్లాడి, బేరం దక్కనీ ఉర్దూలో తెగ్గొట్టడం నిన్నమొన్నటి వింత కాదు. సరుకు కొనే సేట్లలో మార్వాడీలు, గుజరాతీలు ఉన్నారు. హొళగుంద, కౌతాళం వైపు సరిహద్దు గ్రామాలలో కన్నడమాధ్యమ పాఠశాలలు ఇప్పటికీ నడుస్తున్నాయి. తమ భాషను, లిపిని, సంస్కృతిని నిలుపుకొనే హక్కు ప్రజలలోని ప్రతి విభాగానికీ ఉన్నదని మన రాజ్యాంగం 29వ అధికరణంలో చెప్పింది. నాకు అది విజ్ఞానేశ్వరుని వ్యాఖ్యకు తరువాయిలాగా వినబడుతుంది. ఆ బడులలో పిల్లలు తగ్గుతున్నారంటే నాకు బాధే. తెలుగు పండితునికి కన్నడ బడి మీద బెంగ ఏమిటని అడగవచ్చు. నాకు శాస్త్రం వచ్చినది ఆ భాషలో.

కౌతాళంలో ఖాదర్‌లింగస్వామి దర్గా ఉంది. ఆ పేరులోనే రెండు సంప్రదాయాల మాటలు ప్రక్కప్రక్కన ఉన్నాయి, ఒకటి రెండవదానిని మింగలేదు. ఉరుసుకు హిందువులు బండ్లు కట్టుకొని వెళతారు, మ్రొక్కు ఫలిస్తే బిడ్డకు ఆ పేరే పెడతారు. మా చుట్టుప్రక్కల ఖాదర్‌లింగ, హుస్సేనప్ప అని పేర్లున్న హిందువులు ఎందరో. పీర్లపండుగనాడు చావిడి వద్ద అగ్నిగుండం చుట్టూ తిరిగేవారు ఏ కులంవారని లెక్కించడం మొదలుపెడితే తెల్లవారుతుంది. ఇది శాస్త్రసమ్మతమా అని నన్ను అడిగినవారున్నారు. వారి ఇంటి మ్రొక్కు వారిది, నన్ను అడిగి మ్రొక్కుకోలేదు అన్నాను.

దూదేకులవారి సంగతి కూడా చెప్పాలి. దూది ఏకడం వృత్తిగా వచ్చిన ఆ పేరువారు మతాన ముస్లిములు, మాతృభాష తెలుగు. పత్తి పండే ఈ నల్లరేగడిలో వారు లేనిదే మగ్గానికి నూలు లేకపోయేది. వారు ఏకిన దూది నూలై మగ్గానికెక్కిన ఊరు ఎమ్మిగనూరు. అక్కడి నేతవారిలోనూ ఒక్క కులం లేదు. కుర్ని, పద్మశాలి, తొగట మొదలైనవారు. వారి ఇలవేల్పులు వేరు, పెళ్ళి పద్ధతులు వేరు. కుర్నివారి మూలాలు కన్నడదేశంలోనివి. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేత సహకార సంఘం స్థాపించారు. ఆయనకు భారతప్రభుత్వం 1954లో పద్మశ్రీ ఇచ్చింది. సంఘంలో నూలు ఉమ్మడి, అమ్మకం ఉమ్మడి. స్మృతికారులు సంభూయసముత్థానమన్నది ఇదే. నలుగురు కూడి వ్యాపారం చేస్తే లాభనష్టాలు వారి వారి భాగాన్నిబట్టిగాని ఒప్పందాన్నిబట్టిగాని పంచుకోవాలని అక్కడ విధి. అందరూ ఒక్కటే అని ముందు నమ్మి తరువాత కలవమని స్మృతి ఎక్కడా చెప్పలేదు. వేరువేరువారైనా ఒప్పందం చేసుకొని దానికి కట్టుబడితే చాలునన్నది. జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతరకు ఎమ్మిగనూరు వెళ్ళినవారు ఆ రథవీథిలో నిలబడి చుట్టూ చూస్తే, ఆ ఒప్పందం ఎంతమందిని కలిపి నిలిపిందో తెలుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. భేదాన్ని కాపాడాలి, పూర్వవృత్తిని పాలించాలి అంటే, ఫలానావారు గుడిలోకి రాకూడదు, బావి తాకకూడదు అనే పాత కట్టుబాటును కూడా కాపాడాలా? ఈ వాక్యాన్ని అట్లా వాడుకున్నవారు లేకపోలేదు, చిన్నతనంలో నేను పెద్దల నోట విన్నాను. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. వ్యాఖ్యాత భేదమన్నది ఒక సమూహం తన లోపల నడుపుకొనే ధర్మవ్యవస్థను. నా ఇంట్లో నేను ఏమి వండుకోవాలో నా వ్యవస్థ. పొరుగువాడు నీళ్ళు తోడుకోకుండా అడ్డం నిలబడడం నా వ్యవస్థ ఎన్నటికీ కాదు, అది అతని వృత్తిని చెరచడం. పైగా ధర్మవిరుద్ధం కాని కట్టుబాటే పాటింపదగినదన్న షరతు ఆ ప్రకరణంలోనే ఉన్నదని మొదట మనవి చేశాను. రాజ్యాంగం 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసినప్పుడు స్మృతికి అపచారం జరగలేదు.

ఆదోనిలో దీనికి శాస్త్రం చదవనివారు ఎప్పుడో సమాధానం చెప్పారు. మూసానహళ్లిలో దళిత కుటుంబాన పుట్టిన మహాయోగి లక్ష్మమ్మ అవ్వ అవధూతగా ఆదోని వీథులలో తిరిగింది. ఒకనాడు పిచ్చిదన్నవారి మనుమలే నేడు ఆమె రథానికి మ్రోకు పట్టి లాగుతున్నారు. అన్ని కులాల ఇళ్ళలో ఆమె పటం కనబడుతుంది. అవ్వ మాత్రం ఎవరి పద్ధతికీ మారలేదు, తన తీరులోనే ఉండిపోయింది. మారినవారు ఊరివారు.

మరొక మాట. శ్రీ రాఘవేంద్రస్వామివారు ద్వైతాచార్యులు కదా, జీవేశ్వరభేదం, జీవులకు పరస్పరభేదం మొదలైన పంచభేదాలు సత్యాలని వారి సిద్ధాంతం కదా, మీ స్మృతివాక్యం దానికి పోషకమేనా అని మధ్వసంప్రదాయపు మిత్రులు అడగవచ్చు. కాదు. అది తత్త్వవిచారం, ఇది లోకవ్యవహారం. ఒకదానిని తెచ్చి మరొకదానికి అతికించడం ఉభయత్రా దోషం. నేను చదువుకున్నది అద్వైతం, ఆ విషయంలో మా పట్టు మాకున్నది. ఆ మిత్రులతో నలభై ఏళ్ళుగా వాదిస్తున్నాను, వారి ఇంటి ఆరాధన భోజనం మాత్రం ఏ సంవత్సరమూ మానలేదు.

రాజు భేదాన్ని రక్షించడమంటే ఆచరణలో ఎట్లా ఉంటుందో చూపే శాసనమొకటి ఉంది. 1368లో జైనులకు, శ్రీవైష్ణవులకు వివాదం వచ్చినప్పుడు విజయనగర ప్రభువు బుక్కరాయలు ఉభయులనూ సభకు పిలిపించాడు. జైనుల చేతిని వైష్ణవుల చేతిలో పెట్టి, జైనులకు పంచమహావాద్యాలు, కలశం పూర్వమర్యాద ప్రకారం చెల్లుతాయన్నాడు. జైనదర్శనానికి హాని కలిగితే తమ దర్శనానికే కలిగినట్లు వైష్ణవులు భావించాలని కట్టడి చేశాడు. బెళగొళ దేవుని కావలికి ఇరవైమందిని వైష్ణవులు నియమించాలి, జీతానికి జైనులు ఇంటింటికీ ఒక హణం చెల్లించాలి. ఒకరిది రుసుము, మరొకరిది కావలి. పూజ ఎవరిది వారిదే. ఆదోని కోట కూడా ఆ విజయనగర సామ్రాజ్యంలోనిదే, 1568లో ఆదిల్ షాహీల వశమయ్యేవరకు. మసూద్ ఖాన్ ఇచ్చిన దానం ఈ నేలకు కొత్త అలవాటేమీ కాదు.

యాత్రికులకు ఒక విన్నపం. ఆదోని స్టేషనులో దిగి ఎమ్మిగనూరు మీదుగా మంత్రాలయం వెళ్ళేవారు, వీలుంటే బస్సెక్కేముందు జామియా మసీదు చూసి వెళ్ళండి. నమాజు వేళ కాకుండా చూసుకోవాలి, పాదరక్షలు బయట విడవాలి, లోపలికి వెళ్ళేముందు అక్కడివారిని అడగాలి. మంత్రాలయం నుండి వచ్చాము, మీ మసూద్ ఖాన్ కట్టినది చూడాలని వచ్చాము అని చెప్పండి.